సెల్ఫీ బాకీ లేదు... ప్రాణానికి పూచీ మాత్రం ఉంది!

ప్రతి హీరో అభిమానికీ సాటి అభిమానుల విజ్ఞప్తి



మీరు ఏ హీరో ఫ్యాన్ అయినా సరే, ఈ కాగితం ఒక్కసారి పూర్తిగా చదవండి. మీ హీరోను తిట్టడానికి వేసింది కాదు. పక్క హీరోను ఎత్తడానికీ కాదు. ఏ పార్టీకీ దీంతో సంబంధం లేదు. దీన్ని వేసినవాళ్లం కూడా తెల్లవారుజామున థియేటర్ గేటు ముందు పడిగాపులు కాసినవాళ్లమే. కాగితాలు చింపి ఎగరేసినవాళ్లమే. కటౌట్ ఎక్కి దండ వేసినవాళ్లమే.

రేపో మాపో ఇంకో పెద్ద సినిమా వస్తుంది. "అన్న థియేటర్‌కి వస్తున్నాడంట" అని వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పడుతుంది. నిజమో కాదో కూడా చూడకుండా బండి తీస్తాం. తీసే ముందు ఒక్క విషయం తేల్చుకుందాం. అసలు మన హీరో మనకు ఏం బాకీ ఉన్నాడు? ఆయన్ని ఏం అడగాలి, ఏం అడగకూడదు?

డిసెంబరు 4 రాత్రి ఏం జరిగింది?

2024 డిసెంబరు 4. హైదరాబాద్ ఆర్టీసీ క్రాస్ రోడ్స్. సంధ్య థియేటర్‌లో 'పుష్ప 2' ప్రీమియర్. మామూలు ధర మీద 800 రూపాయలు అదనంగా పోసి టికెట్ కొన్న జనం ఒకవైపు, టికెట్ లేకపోయినా హీరోను చూసి పోదామని వచ్చిన జనం ఇంకోవైపు. సినిమా హీరో అల్లు అర్జున్ వచ్చారు. కారు సన్‌రూఫ్‌లోంచి లేచి చెయ్యి ఊపారు. జనం తోసుకొచ్చారు. ఆ తొక్కిసలాటలో, కుటుంబంతో కలిసి సినిమా చూద్దామని వచ్చిన ఒక తల్లి చనిపోయింది. పదేళ్లు నిండని ఆమె కొడుకు ఊపిరాడక స్పృహ తప్పాడు. నెలల తరబడి ఆసుపత్రిలోనే ఉన్నాడు.

డిసెంబరు 13న హీరోను అరెస్టు చేశారు. అదే రోజు హైకోర్టు మధ్యంతర బెయిల్ ఇచ్చింది. ఆ రాత్రి చంచల్‌గూడ జైల్లో ఉండి, మర్నాడు పొద్దున బయటికొచ్చారు. ఆ కుటుంబానికి హీరో, దర్శకుడు, నిర్మాతలు కలిపి 2 కోట్ల రూపాయల సాయం ప్రకటించారు. తెలంగాణ అసెంబ్లీలో చర్చ జరిగింది. ఇకమీద బెనిఫిట్ షోలు ఉండవని ముఖ్యమంత్రి చెప్పారు. తప్పు హీరోదా, థియేటర్‌దా, పోలీసులదా అని టీవీల్లో వారాల తరబడి కొట్టుకున్నారు. ఆ లెక్క కోర్టు తేలుస్తుంది.

మనం తేల్చుకోవలసిన లెక్క వేరే ఉంది. ఆ సినిమా నిడివి 3 గంటల 20 నిమిషాలు. అంతసేపు తెర నిండా కనబడే మనిషిని రోడ్డు మీద మూడు సెకన్లు చూడటానికి మనం ఎందుకు ఎగబడ్డాం? 'మా హీరో మాకు కనబడి తీరాలి' అనే హక్కు మనకు ఎవరిచ్చారు?

"మేం లేకపోతే ఆయన ఎక్కడ?"

మనలో అందరూ అనే మాటే ఇది. మేం చూశాం కాబట్టే స్టార్ అయ్యాడు, మా డబ్బుతోనే కారు కొన్నాడు, ఒక్క ఫొటో ఇస్తే ఏం పోయింది అంటాం. సరే, లెక్క వేద్దాం.

మనం టికెట్ కొన్నాం. ఆయన సినిమా చేశాడు. బాగుంటే రెండోసారి చూశాం. బాగోలేకపోతే ఇంటర్వెల్‌లోనే లేచొచ్చి, బయట మైకు పెట్టినవాడి ముందు కడిగేశాం. అక్కడితో ఇచ్చిపుచ్చుకోవడం అయిపోయింది. దర్జీ చొక్కా బాగా కుట్టాడు, మనం కూలి ఇచ్చాం. రేపు పెళ్లిలో కనబడితే భోజనం దగ్గర చెయ్యి పట్టుకుని లాగి "నా డబ్బుతో బతుకుతున్నావ్, లేచి నాతో ఫొటో దిగు" అంటామా?

ఇంకో లెక్క. ఒక హీరోకి లక్షమంది అభిమానులే ఉన్నారనుకోండి. మనిషికి ఒక్క నిమిషం ఇచ్చినా లక్ష నిమిషాలు. అంటే తిండీ నిద్రా లేకుండా 69 రోజులు నిలబడాలి. ఏ మనిషీ తీర్చలేడు. కాబట్టి జరిగేదేమిటి? వరసలో ఓపికగా నిలబడ్డ ముసలాయనకు ఫొటో దక్కదు. పిల్లను చంకనేసుకుని వచ్చిన అమ్మకు దక్కదు. మోచేత్తో పొడిచి, బారికేడ్ దూకి, బౌన్సర్ చంక కింద నుంచి దూరినవాడికి దక్కుతుంది. దాన్ని మనం అభిమానం అని పిలుచుకుంటున్నాం.

2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. 'సినిమా యాక్టర్లకు తప్ప' అని అందులో ఎక్కడా రాయలేదు. తిరుమలకు వచ్చిన హీరో వెంకన్న దర్శనానికి వచ్చాడు, మనకు దర్శనం ఇవ్వడానికి రాలేదు. ఎయిర్‌పోర్టులో నిద్రపోతున్న బిడ్డను ఎత్తుకుని నడుస్తున్నవాడు ఆ కాసేపూ ఆ బిడ్డకు తండ్రి, అంతే.

ఈ ఫొటో పిచ్చి ఎంతదాకా పోతుందో మనం చూశాం. 2018 ఆగస్టులో నటుడు నందమూరి హరికృష్ణ రోడ్డు ప్రమాదంలో చనిపోయారు. ఆసుపత్రి సిబ్బందిలో కొందరు ఆయన మృతదేహం పక్కన నిలబడి సెల్ఫీ దిగారు. ఆ ఫొటో రాష్ట్రమంతా తిరిగింది, వాళ్ల ఉద్యోగాలు పోయాయి. వాళ్లేమీ రాక్షసులు కారు. పెద్దింటి మనిషి ఎదురుగా ఉంటే ఫోన్ తీయడమే అలవాటైన మనలాంటివాళ్లే. శవానికీ మనిషికీ తేడా తెలియనంత అలవాటైపోయింది.

ఇక హీరో చేత చెంపదెబ్బ తిన్నవాడు కూడా "మా అన్న చెయ్యి తగిలింది చాలు" అని మురిసిపోయే రోజులొచ్చాయి. తమ్ముడూ, హీరో మీద పడి లాగడం నీ హక్కు కానట్టే, నిన్ను కొట్టడం ఆయన హక్కూ కాదు. మర్యాద రెండువైపులా ఉండాలి.

"రామారావుగారు కనబడేవారు కదా?"

కనబడేవారు. మద్రాసు బజుల్లా రోడ్డులోని ఎన్టీఆర్ ఇంటికి తిరుపతి నుంచి యాత్రికుల బస్సులు వెళ్లేవి. కొండ మీద గుండు చేయించుకున్నవాళ్లు అట్నుంచి అటే ఆయన ఇంటి ముందుకొచ్చి నిలబడేవారు. ఆయన పొద్దున్నే బయటికొచ్చి నమస్కారం పెట్టేవారు, పలకరించేవారు. చూసినవాళ్లు ఊళ్లో జన్మంతా చెప్పుకున్నారు. బొంబాయి జుహూలో అమితాబ్ బచ్చన్ కూడా ఏళ్ల తరబడి ఆదివారాలు ఇంటి గేటు దగ్గరికొచ్చి జనానికి కనబడుతున్నారు.

ఆ పద్ధతి ఒకసారి గమనించండి. చోటు తెలుసు. వేళ తెలుసు. ఇంటాయన ఇష్టపడి బయటికొచ్చాడు. వచ్చినవాళ్లు గేటు ఇవతల నిలబడ్డారు. అది ఆయన మనసారా పెట్టింది. పెట్టినవాణ్ని మెచ్చుకుందాం, వందేళ్లు చెప్పుకుందాం. పెట్టనివాడి మీద కేకలేయడానికి మాత్రం మనకు అధికారం లేదు. 2025 నవంబరు 2న షారుఖ్ ఖాన్ పుట్టినరోజు. చాలా ఏళ్లు పుట్టినరోజున ఇంటి దగ్గర కనబడిన మనిషి ఆ ఏడు, జనం భద్రత దృష్ట్యా అధికారులు వద్దన్నారని, బయటికి రాలేనని చెప్పేశారు. అభిమానులు నిరాశపడ్డారు. ఆ నిరాశతో ఎవరి ప్రాణమూ పోదు.

మరి హీరోకి ఏ బాధ్యతా లేదా?

ఉంది. చాలా ఉంది. తన దారిన తాను పోతున్నప్పుడు ఆయన మనకు ఏమీ బాకీ లేడు. తాను పిలిచినప్పుడు మాత్రం ఆయన, ఆయన నిర్మాత, ఈవెంట్ చేసేవాడు, అందరూ బాకీయే. ఎందుకంటే మన గుంపే వాళ్ల ప్రకటన. డ్రోన్ పైకి లేచి తీసేది మన తలలనే. "జనసంద్రం" అని మర్నాడు పోస్టర్ వేసేది మన ఫొటోతోనే. షాపు ఓపెనింగ్‌కి హీరోయిన్‌ను పిలిచేది మనం వస్తామనే. గుంపుతో లాభం చేసుకునేవాడు ఆ గుంపుకి తాగడానికి నీళ్లు, బయటపడటానికి దారి, పడిపోతే అంబులెన్స్ చూడాలి.

2017 జనవరిలో 'రయీస్' సినిమా ప్రచారానికి షారుఖ్ ఖాన్ రైలెక్కారు. వడోదర స్టేషన్‌లో జనం ఎగబడ్డారు, ఒక మనిషి ప్రాణం పోయింది. షారుఖ్ మీది కేసును గుజరాత్ హైకోర్టు 2022లో కొట్టేసింది, సుప్రీంకోర్టు కూడా దాన్నే సమర్థించింది. సెలబ్రిటీలకూ అందరిలాగే హక్కులుంటాయి, జనం చేసినదానికల్లా వాళ్లను దోషులను చేయలేం అన్నది ఆ న్యాయం సారాంశం. చట్టం ప్రకారం సరే. కానీ రైలు ఎక్కడ ఆగుతుందో, ఎంతమంది వస్తారో, ప్లాట్‌ఫామ్ ఎంత వెడల్పో ముందే తెలిసీ అక్కడికి జనాన్ని రప్పించినవాళ్లు తమకు తాము వేసుకోవలసిన ప్రశ్న కోర్టు గుమ్మం దగ్గర ఆగిపోదు.

2025 సెప్టెంబరు 27న తమిళనాడు కరూర్‌లో నటుడు విజయ్ రాజకీయ సభ. మధ్యాహ్నం నుంచి ఎండలో కాచుకున్న జనం. ఆయన వచ్చేసరికి చీకటిపడింది. తొక్కిసలాటలో 41 మంది చనిపోయారు, పిల్లలతో సహా. హీరో మనకు తన టైము బాకీ అని అంటుంటాం కదా. నిజంగా బాకీ ఉన్న టైము ఇదే. వస్తానన్న వేళకు రావడం. రాలేకపోతే ముందే చెప్పి జనాన్ని ఇంటికి పంపడం.

మన చావుల పట్టిక

2013 మార్చి: హైదరాబాద్‌లో 'బాద్‌షా' ఆడియో వేడుక. తొక్కిసలాటలో వరంగల్ నుంచి వచ్చిన ఒక అభిమాని మృతి.

2020 సెప్టెంబరు: పవన్ కల్యాణ్ పుట్టినరోజుకు చిత్తూరు జిల్లా శాంతిపురంలో బ్యానర్ కడుతూ కరెంటు తగిలి ముగ్గురు మృతి.

2023 జులై: సూర్య పుట్టినరోజుకు నరసరావుపేట దగ్గర ఫ్లెక్సీ కడుతూ కరెంటు షాక్‌తో ఇద్దరు కాలేజీ కుర్రాళ్లు మృతి.

2024 జనవరి: యశ్ పుట్టినరోజుకు కర్ణాటక గదగ్ జిల్లాలో బ్యానర్ కడుతూ ముగ్గురు మృతి.

2025 జనవరి: రాజమండ్రిలో 'గేమ్ ఛేంజర్' ఈవెంట్ చూసి బైక్ మీద ఇంటికి పోతూ రోడ్డు ప్రమాదంలో ఇద్దరు మృతి.

ఈ పట్టికలో ఉన్నది ఏ ఒక్క హీరో అభిమానులో కాదు, అందరి అభిమానులూ ఉన్నారు. తర్వాత హీరోలు బాధపడ్డారు, కొందరు ఇళ్లకు వెళ్లి పరామర్శించారు, ఆర్థిక సాయం చేశారు. ఇరవై ఏళ్ల కొడుకు పోయిన ఇంట్లో ఆ చెక్కును ఏ గోడకు తగిలించుకుంటారు?

2024 సెప్టెంబరులో 'దేవర' ప్రీ రిలీజ్ ఈవెంట్ గుర్తుందా? హైదరాబాద్ హోటల్‌కి పట్టేదానికంటే ఎక్కువమంది వచ్చేశారు. ఈవెంట్ రద్దు చేశారు. ఎంత తిట్టుకున్నాం ఆ రాత్రి! అంతమంది వస్తారని ముందే అంచనా వేయకపోవడం నిర్వాహకుల తప్పే. కానీ రద్దు చేయడం తప్పు కాదు. ఆ రాత్రి అక్కడికొచ్చినవాళ్లు కోపంతోనైనా సరే, ఇళ్లకు చేరారు.

గుంపులో మనిషి ఎలా చనిపోతాడు?

చాలామంది కాళ్ల కింద పడి నలిగి చనిపోతారనుకుంటాం. ఎక్కువసార్లు నిలబడి ఉండగానే ఊపిరాడక చనిపోతారు. సుమారుగా ఒక మీటరు పొడవు, ఒక మీటరు వెడల్పు ఉన్న జాగాలో నలుగురు నిలబడితే ఫర్వాలేదు. ఆరుగురు దాటితే మన అడుగు మన చేతిలో ఉండదు. వెనక ఎవరో తోస్తే ఆ ఒత్తిడి అలలా ముందుకొస్తుంది. ఛాతీ నొక్కుకుపోయి గాలి లోపలికి పోదు. అరవడానికి కూడా ఊపిరి ఉండదు. వెనకున్నవాడికి ముందు ఏం జరుగుతోందో కనబడదు, "జై" అంటూ తోస్తూనే ఉంటాడు.

అందుకే ఇవి గుర్తుంచుకోండి:

నాలుగువైపులా భుజాలు తగులుతున్నాయంటే బయటికి వచ్చేయండి. హీరో కారు కనబడేదాకా ఆగొద్దు.

ఇరుక్కుంటే రెండు చేతులూ ఛాతీ ముందు అడ్డం పెట్టుకోండి. ఎదురు తోయకండి. జనం కదిలే వైపే పోతూ, ఏటవాలుగా పక్కకు జరగండి. గోడ వైపు, బారికేడ్ వైపు పోవద్దు.

ఫోన్, చెప్పు కింద పడితే వంగి తీయకండి. మనిషి పడితే మాత్రం వెంటనే లేపండి, వెనకవాళ్లకు ఆగమని చేతులెత్తి చూపండి.

చంటిపిల్లలను, స్కూలు పిల్లలను ఇలాంటి గుంపుల్లోకి తేవద్దు. వాళ్ల ముఖం పెద్దవాళ్ల నడుము దగ్గరే ఉంటుంది. అక్కడ గాలి ఉండదు.

అక్కాచెల్లెళ్ల సంగతి

2025 డిసెంబరులో హైదరాబాద్‌లోని ఒక మాల్‌లో పాట విడుదలకు వచ్చిన హీరోయిన్ నిధి అగర్వాల్ తిరిగి కారు ఎక్కడానికి పడ్డ బాధ మనమంతా వీడియోలో చూశాం. నాలుగువైపుల నుంచీ మీద పడుతుంటే ఆమె ఒంటి మీది బట్టలు సర్దుకుంటూ కారులోకి దూరింది. నిర్వాహకుల మీద పోలీసులు కేసు పెట్టారు. అక్కడ చేయి వేసినవాళ్లు తమను అభిమానులమనే చెప్పుకుంటారు. గుంపులో హీరోయిన్‌ను తాకినవాడు బస్సులో మన చెల్లెల్ని తాకినవాడితో సమానం. "సినిమాల్లో వేస్తుందిగా" అనేవాడి నోరు అక్కడికక్కడే మూయించండి. వాడు మన సంఘంలో సభ్యుడైతే పేరు కొట్టేయండి. పోలీసులకు పట్టివ్వండి.

మా డిమాండ్లు

హీరో, హీరోయిన్లకు:
1. చెప్పకుండా థియేటర్లకు రావద్దు. వస్తే పోలీసు అనుమతితో, ప్రేక్షకులు కూర్చున్నాక, వేరే దారిలో రండి. రోడ్డు మీద సన్‌రూఫ్ ఎక్కి చెయ్యి ఊపొద్దు.
2. పుట్టినరోజుకు నెల ముందే వీడియో పెట్టండి: కరెంటు తీగల దగ్గర కటౌట్ కట్టిన సంఘానికి నా గుర్తింపు ఉండదని.
3. చెప్పిన వేళకు రండి. మీ బౌన్సర్ల చేత మా మీద చేయి వేయించకండి.

నిర్మాతలకు, ఈవెంట్ నిర్వాహకులకు, షాపులవాళ్లకు:
4. హాలు ఎంతమందికి పడుతుందో అన్ని పాస్‌లే ముద్రించండి. ఆ సంఖ్య గేటు మీద రాసి పెట్టండి.
5. నీళ్లు, అంబులెన్స్, బయటికి విడిగా దారి లేకుండా ఈవెంట్ పెట్టొద్దు. రాత్రి బైకుల మీద ఊళ్లకు పోయే కుర్రాళ్లున్నారని గుర్తుపెట్టుకుని పెందలాడే ముగించండి.

ప్రభుత్వానికి, పోలీసులకు:
6. అనుమతి ఇచ్చారా లేదా అన్నది ప్రాణం పోయాక చెప్పొద్దు. ముందురోజే థియేటర్ ముందు బోర్డు పెట్టండి.

ఇప్పుడు మనం చేయవలసింది

అడగడం ఒక్కటే చాలదు. 1998 అక్టోబరు 2న చిరంజీవి బ్లడ్ బ్యాంక్ పెట్టినప్పటి నుంచి రక్తం ఇచ్చింది ఎవరు? మనలాంటి అభిమానులే. ముక్కూ మొహం తెలియనివాళ్లకు మన రక్తం ఎక్కించాం, సెల్ఫీ అడగలేదు. క్రేన్ తెచ్చి గజమాల వేయగల సంఘానికి, గేటు దగ్గర తాడు పట్టుకుని వరస నడిపించే ఇరవై మంది కుర్రాళ్లు దొరకరా?

కాబట్టి ప్రతి అభిమాన సంఘంవాళ్లూ వచ్చే పెద్ద సినిమా విడుదలకు వారం ముందు నలుగురిని వెంటేసుకుని మీ ఊరి థియేటర్ మేనేజర్ దగ్గరికి వెళ్లండి. ఈ కాగితం చేతికిచ్చి నాలుగు ప్రశ్నలు అడగండి. బయటికి దారులెన్ని? అవన్నీ షో టైములో తెరిచి ఉంటాయా? హీరో వస్తున్నాడా? వస్తే పోలీసులు ఒప్పుకున్నారా? జవాబు కాగితం మీద రాయించుకుని గ్రూపులో పెట్టండి. జవాబు చెప్పని థియేటర్‌లో ఫస్ట్ షో చూడొద్దు. మూడో రోజు చూసినా సినిమా అదే.

బ్యానర్ కట్టాలంటే ముందు లైన్‌మన్‌ను పిలవండి. ఇనుప ఫ్రేము, తడి కర్ర, పైన తీగలు ఉంటే బ్యానర్ దించేయండి. "అన్న వస్తున్నాడు" అనే మెసేజ్ సంఘం ప్రెసిడెంట్ నిర్ధారించకుండా ఫార్వర్డ్ చేయొద్దు. హీరో రోడ్డు మీద, గుడిలో, ఆసుపత్రిలో ఎదురైతే దూరం నుంచి నమస్కారం పెట్టి పక్కకు తప్పుకోండి. ఆయన తానే ఆగి పలకరిస్తే ఆనందంగా మాట్లాడండి. ఆగకపోతే అడ్డం పడొద్దు, ఇంటికొచ్చి సోషల్ మీడియాలో తిట్టొద్దు.

అభిమానం మనది, దాన్ని అప్పుగా వసూలు చేయొద్దు!
పిలిచినవాడు పూచీ పడాలి, పిలవనిచోటికి మనం పోవద్దు!
ఈల వెయ్యి, చప్పట్లు కొట్టు, ప్రాణంతో ఇంటికి పో!

చదివి పారేయకండి. పక్క హీరో అభిమానికి ఇవ్వండి.

ఇట్లు,
సాటి సినీ అభిమానులు